నల్లపొగ తప్పు కట్టెది కాదు: లైనింగ్ మార్చాక చెడిపోయిన ఒక బాయిలర్ ఫైర్‌బాక్స్ కథ

కట్టెలతో నడిచే ఒక చిన్న బాయిలర్ ఇది. అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము, దాని నిండా పొగగొట్టాలు, డ్రమ్ము ముందు భాగం కింద కట్టె కాలడానికి ఇటుకతో కట్టిన గది, ఫైర్‌బాక్స్. వేడి వాయువులు ముందు డ్రమ్ము కింద నుంచి వెనక్కి పోతాయి, అక్కడ మళ్లి గొట్టాల్లోంచి ముందుకొచ్చి చిమ్నీ ఎక్కుతాయి. నడవాల్సిన ప్రెషర్ 7 బార్. చాలా ఏళ్లు పెద్ద ఫిర్యాదు లేకుండా నడిచింది. లోపలి ఇటుక బాగా తినేసిందని షట్‌డౌన్ తీసుకుని ఫైర్‌బాక్స్ మొత్తం కొత్తగా లైనింగ్ చేయించారు. కష్టాలు అక్కడి నుంచే మొదలయ్యాయి.

చిమ్నీ నుంచి నల్లపొగ ఆగడం లేదు. ప్రెషర్ 5 బార్ దాటడం గగనమైపోయింది. ఇంతకుముందు నెలకోసారి గీకే మసిని ఇప్పుడు వారానికోసారి గీకాల్సి వస్తోంది. కట్టె కింద జాలీలా ఉండే గ్రేట్ ఇనప బార్లు కొత్తవి వేసినా వంగిపోతున్నాయి. కట్టె మాత్రం ఎంత వేసినా చాలడం లేదు.

నన్ను పిలిచేసరికి రెండు నిర్ణయాలు అయిపోయి ఉన్నాయి. కట్టెలో తేమ ఎక్కువగా ఉందని కట్టె తెచ్చే మనిషిని మార్చారు. గాలి చాలడం లేదని గ్రేట్ కింద ఊదే ఫ్యాన్ తీసేసి ఇంకా పెద్దది పెట్టారు. మొదటిదానితో ఏ మార్పూ రాలేదు. రెండోదానితో పరిస్థితి ఇంకా చెడింది. పెద్ద ఫ్యాన్ పెట్టాక పొగ పెరిగిందంటే అసలు జబ్బు ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది. కానీ కళ్లతో చూడకుండా తేల్చే విషయం కాదిది.

మంట ముందు నిలబడి చూసినవి

నేను పొగ వాయువులు కొలిచే మీటర్ తీసే ముందు పీప్‌హోల్ (మంట చూసే చిన్న కన్నం) దగ్గర చాలాసేపు నిలబడతాను. ఇక్కడ కనిపించింది ఇది. గ్రేట్ మీద నిప్పులు కళ్లు చెదిరేంత తెల్లగా ఉన్నాయి. వాటి పైన అడుగు, అడుగున్నర ఎత్తు దాకా ముదురు నారింజ రంగు మంట. ఆ మంట కొసలు నల్లబడి, మెలితిరుగుతూ, నేరుగా డ్రమ్ము అడుగు ప్లేటుకి తగిలి దాని వెంబడే వెనక్కి పాకుతున్నాయి. కింద విపరీతమైన వేడి, పైన సగం కాలిన వాయువు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నా ఒకదాని మేలు ఇంకోదానికి అందడం లేదు.

గ్రేట్ మీద నుంచి ఒక క్లింకర్ (కరిగి గడ్డకట్టిన బూడిద) పలక బయటికి లాగించి, చల్లారాక పగలగొట్టించాను. పైన గరుకుగా బూడిద రంగు. లోపల ముదురాకుపచ్చ గాజు, అందులో చిక్కుకుపోయిన బొగ్గు ముక్కలు. అడుగున మూడు గ్రేట్ బార్ల గాడులు స్పష్టంగా అచ్చుపడి ఉన్నాయి. అంటే బూడిద కరిగి కిందికి జారి, బార్ల మధ్య సందుల్లోకి దిగి గడ్డకట్టింది. కట్టె బూడిదలో పొటాషియం ఉంటుంది. మట్టి, ఇసుక అంటిన కట్టెతో వచ్చే సిలికా దానికి తోడైతే బూడిద కరిగే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. గ్రేట్ మీద పొర మామూలు వేడిలో ఉంటే ఆ బూడిద పొడిగానే కిందికి రాలుతుంది. ఇక్కడ అలా జరగడం లేదు.

తర్వాత మీటర్ పెట్టాం. చిమ్నీ దగ్గర వాయువు 330 డిగ్రీల సెల్సియస్. ఆక్సిజన్ 13 శాతం. కార్బన్ మోనాక్సైడ్ 5,000 పీపీఎం (పది లక్షల్లో 5,000 వంతులు) పైన.

ఈ మూడో అంకెను రెండో అంకె పక్కన పెట్టి చదవాలి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, అప్పుడు ఆక్సిజన్ తక్కువ ఉండాలి. ఇక్కడ ఆక్సిజన్ దండిగా ఉంది, కార్బన్ మోనాక్సైడూ దండిగా ఉంది. అంటే గాలి కొరత లేదు, ఆ గాలి మండే వాయువుతో కలవడం లేదు. ఒకపక్క గ్రేట్ ఖాళీగా ఉన్న చోట్ల నుంచి గాలి ఊరికే పైకి పోతోంది, ఇంకోపక్క కట్టె వాయువు గాలి అందక పొగగా పోతోంది. చివరికి రెండూ చిమ్నీలో కలుస్తున్నాయి. అప్పటికి వాటికి మండేంత వేడి లేదు.

లెక్క కూడా చూద్దాం. ఆక్సిజన్ శాతాన్ని, 21లోంచి అదే శాతం తీసేయగా మిగిలిన అంకెతో భాగిస్తే అదనపు గాలి ఎంతో సుమారుగా వస్తుంది. 13ని 8తో భాగిస్తే 1.6. అంటే కావాల్సినదానికన్నా 160 శాతం ఎక్కువ గాలి. పాతిక శాతం తేమ ఉన్న కిలో కట్టె పూర్తిగా కాలడానికి దాదాపు నాలుగున్నర కిలోల గాలి చాలు. ఇక్కడ ఏడు కిలోలకు పైగా గాలి ఏ పనీ చేయకుండా లోపలికొచ్చి, 300 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతోంది. ఆ కిలో కట్టెలో పనికొచ్చే వేడి 13 మెగాజూళ్లు అనుకుంటే, అందులో 2 మెగాజూళ్లకు పైగా ఈ అక్కర్లేని గాలిని కాచడానికే ఖర్చవుతోంది. పెద్ద ఫ్యాన్ చేసిన మేలు ఇదీ.

తలుపు ఓరగా తీస్తే

అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఆపరేటర్ ఒకాయన ఉన్నారు. మీటర్ అంకెలు రాసుకుంటుంటే పక్కకొచ్చి మెల్లగా అన్నారు: "సార్, తలుపు ఓరగా తీసి పెడితే పొగ తగ్గుతుందండీ. కానీ తెరిచి పెట్టొద్దు, చల్లగాలి పోతుందన్నారు."

కేసు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ఫ్యాన్ తగ్గించి, కట్టె వేసే తలుపు రెండు వేళ్ల సందు ఉండేలా తీయించాను. నిమిషం తిరక్కుండా చిమ్నీ కొస దగ్గర నలుపు పలచబడి గోధుమ రంగుకి, ఆ తర్వాత దాదాపు కనపడనంత తేటగా మారింది. పీప్‌హోల్‌లోంచి చూస్తే నారింజ రంగు మంట పొట్టిగా, పసుప్పచ్చగా అయింది. తలుపు మూశాం, మళ్లీ నలుపు. ఏ ఫైర్‌బాక్స్‌కైనా పైగాలి (గ్రేట్ పైనుంచి మంటలోకి అందే గాలి) చాలుతోందో లేదో చూడటానికి ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలియదు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మంట అణిగి, పొగ కమ్మిన ఫైర్‌బాక్స్ తలుపు ఒక్కసారిగా లాగకూడదు. లోపల నిండిన వాయువుకి గాలి తగిలి గుప్పున బయటికి ఎగజిమ్ముతుంది. ముందు చిమ్నీ డ్యాంపర్ (వాయువు దారిని తెరిచి మూసే పలక) పూర్తిగా తెరిచి, లాగుడు వచ్చిందని తెలిశాకే, పక్కకు నిలబడి తలుపు తీయాలి.

కట్టె విషయంలో చాలామంది మనసులో ఉండే బొమ్మే తప్పు. కట్టె గ్రేట్ మీద కాలుతుందనుకుంటారు. ఎండు కట్టె బరువులో దాదాపు 80 శాతం, వేడి తగలగానే వాయువుగా మారి పైకి లేస్తుంది. గ్రేట్ మీద బొగ్గుగా మిగిలి కాలేది ఐదో వంతే. అంటే ఫైర్‌బాక్స్‌లో ఎక్కువ పని గ్రేట్ పైనున్న ఖాళీలో జరుగుతుంది. ఆ ఖాళీలోకి గాలి రావాలి, ఆ గాలి వాయువుతో బాగా కలవాలి, కలిసినది చల్లబడేలోపు కాలిపోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అంటుకోవాలంటేనే 600 డిగ్రీల పైన వేడి కావాలి. ఇవేవీ లేకపోతే గ్రేట్ కింద ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా, అది బొగ్గు పొరను రగిలించి కట్టెలోంచి ఇంకా వేగంగా వాయువు పుట్టిస్తుందే తప్ప ఆ వాయువును కాల్చదు. పొగ పెరిగింది ఇందుకే. బొగ్గు పొర మరీ వేడెక్కి బూడిద కరిగిందీ ఇందుకే. కరిగిన బూడిద సందులు మూసేస్తే అక్కడ గాలి ఆడదు. కింద నుంచి వచ్చే గాలే గ్రేట్ బార్లను చల్లగా ఉంచుతుంది కాబట్టి, గాలి ఆగిన చోట బార్ ఎర్రబడి వంగుతుంది. పోత ఇనుము ఒక మీటరు బార్ 600 డిగ్రీలు వేడెక్కితే ఆరేడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కొసల దగ్గర ఆ మాత్రం సందు లేకపోతే వంగక తప్పదు. యజమాని చెప్పిన వేర్వేరు ఫిర్యాదులన్నీ ఒకే గొలుసులో లింకులు.

ఇటుక కింద పూడిపోయినవి

అయితే చాలా ఏళ్లు ఇదే బాయిలర్ ఇదే రకం కట్టెతో బాగానే నడిచింది కదా, మరి లైనింగ్‌లో ఏం మారింది? పాత డ్రాయింగ్ ఎవరి దగ్గరా లేదు. షట్‌డౌన్ ముందు ఎవరో ఫోన్‌లో తీసిన రెండు ఫొటోలు దొరికాయి, అవే ఆధారం.

మొదటి ఫొటోలో పక్క గోడలకు, గ్రేట్‌కి జానెడు పైన వరసగా చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఇప్పటి గోడ నున్నగా ఉంది. బయట వైపు తడిమి చూస్తే ఇనప రేకు కింద ఆ గాలి దారి అలాగే ఉంది, ఊదే చిన్న పైపు కూడా ఉంది. లోపలి వైపు మాత్రం కాస్టబుల్ అనే వేడి తట్టుకునే కాంక్రీటు‌తో పూడ్చేశారు. పని చేసినవాళ్లు చెప్పిన కారణం: "అవి పాత రిపేర్ల కన్నాలనుకున్నాం."

రెండో ఫొటోలో గ్రేట్ వెనక భాగం మీద ఇటుక కమాను, దాని వెనక అడ్డగోడ ఉన్నాయి. కొత్త లైనింగ్‌లో కమాను లేదు, అడ్డగోడ సగానికి తగ్గింది. ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలనే చేశారు. మంట నేరుగా డ్రమ్ముకి తగిలితే ఆవిరి త్వరగా వస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నిజం వేరు. 7 బార్ దగ్గర డ్రమ్ములో నీళ్లు 170 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అవతల నీళ్లున్న ప్లేటు అంతకన్నా మరీ ఎక్కువ వేడెక్కదు. 600 డిగ్రీల పైన ఉంటేనే బతికే మంటకి ఆ ప్లేటు చల్లని గోడ కిందే లెక్క. కాలడం పూర్తికాకముందే మంట దానికి తగిలితే చల్లారిపోయి, వాయువులోని కర్బనం మసిగా అతుక్కుంటుంది. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగు నల్లబడేది ఇలాగే. ఆ మసి మళ్లీ ప్లేటుకీ, గొట్టాలకీ వేడి అందనివ్వదు, చిమ్నీ ఉష్ణోగ్రత పెరుగుతుంది.

కమాను పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది డ్రమ్ముకీ మంటకీ మధ్య అడ్డుగా నిలబడి, తాను ఎర్రగా కాలి, ఆ వేడిని తిరిగి మంట మీదికే పంపుతుంది. వాయువును చుట్టుదారి తిప్పి, కలవడానికీ కాలడానికీ సమయం ఇస్తుంది. ఈ సంగతి తెలిసి నూట అరవై ఏళ్లు దాటింది. తొలినాళ్లలో బ్రిటన్‌లో రైలింజన్లు బొగ్గు నేరుగా కాల్చేవి కావు, పొగ రాకూడదన్న చట్టం వల్ల ఖరీదైన కోక్ (పొగ వచ్చే వాయువులు ముందే తీసేసిన బొగ్గు) వాడేవి. మిడ్లాండ్ రైల్వేలో ఇంజన్ల విభాగం పెద్ద మాథ్యూ కిర్ట్లీ దగ్గర చార్లెస్ మార్కమ్ చేసిన ప్రయోగాల్లో, 1859 నాటికి దానికి దారి దొరికింది. ఫైర్‌బాక్స్‌లో ఇటుక కమాను పెట్టారు, తలుపు దగ్గర గాలిని కిందికి మళ్లించే పలక పెట్టారు. పైగాలి కమాను కిందికి దూరి వాయువుతో కలిసింది, మామూలు బొగ్గే పొగ లేకుండా కాలింది. ఆవిరి ఇంజన్లలో ఫైర్‌మన్ బొగ్గు వేశాక కాసేపు తలుపు ఓరగా ఉంచడం కూడా ఇదే లెక్క. ఆ తర్వాత అర్జెంటీనా ఇంజనీర్ పోర్టా ఇంకా ముందుకెళ్లి, కింద నుంచి వచ్చే గాలిని బాగా తగ్గించి ఎక్కువ గాలి పై నుంచే ఇచ్చాడు. క్లింకర్ కట్టకుండా గ్రేట్ కింద కొంచెం ఆవిరి కూడా వదిలాడు. మా ఆపరేటర్ తలుపు దగ్గర కనిపెట్టింది వీళ్లందరూ పట్టుకున్న విషయమే. ఆయన మాట పొగ మొదలైన రోజునే ఎవరైనా విని ఉంటే ఈ నష్టం జరిగేది కాదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కట్టే ముందు ప్లేటు చూడాలి

మంట నేరుగా తగిలిన బాయిలర్‌ని, లైనింగ్ సరిచేసి ఊరుకోకూడదు. ఆ ప్లేటు లోపలి వైపు ఉప్పు పొర కట్టి ఉంటే, నీళ్లు ప్లేటును చల్లబరచలేవు. ఉక్కు 400 డిగ్రీలు దాటాక బలం కోల్పోతూ మెల్లగా ఉబ్బుతుంది. అందుకని ఇటుక ముట్టుకోకముందే బాయిలర్ ఖాళీ చేయించి, లోపల పొర గీకించి, మంట తగిలిన మేర ప్లేటుకి రూళ్లకర్ర ఆనించి ఉబ్బు చూశాం, అల్ట్రాసోనిక్ మందం కొలిపించాం, ధ్రువీకరించిన ఇన్‌స్పెక్టర్‌తో చూపించాం. అదృష్టవశాత్తూ ఉబ్బు లేదు. ఫ్యూజిబుల్ ప్లగ్ మాత్రం కొత్తది వేయించాను. నీళ్లు తగ్గి ప్లేటు బయటపడితే అందులోని మెత్తటి లోహం కరిగి ఆవిరిని మంట మీదికి వదిలి హెచ్చరించాలి. మసీ, ఉప్పు పొరా కమ్మిన పాత ప్లగ్ సమయానికి కరుగుతుందని నేను నమ్మను.

ఆ తర్వాత అసలు పని. కమాను గ్రేట్ వెనక సగం మీదుగా మళ్లీ కట్టించాం, అడ్డగోడ ఫొటోలో ఉన్న ఎత్తుకి తెచ్చాం. మంట వైపు గట్టి ఫైర్ బ్రిక్, వెనక వేడి ఆపే తేలిక ఇటుక. వెయ్యి డిగ్రీలకి ఫైర్ బ్రిక్ సుమారు అర శాతం పెరుగుతుంది, అంటే రెండు మీటర్ల గోడ సెంటీమీటరు పెరుగుతుంది. ఆ మేరకు సందులు వదిలి సిరామిక్ ఫైబర్ కూరాం. పోయినసారి ఈ సందులు వదల్లేదు, అందుకే కొత్త గోడ కూడా మూలల్లో చిట్లింది.

పైగాలి రంధ్రాలు పాత చోటే తెరిచాం, కానీ రెండు మార్పులు చేశాం. రెండు గోడల రంధ్రాలు ఎదురెదురుగా కాకుండా ఎడమెడంగా, కొంచెం కిందికి వంచి పెట్టాం. వాటికి వేరే చిన్న ఫ్యాన్, వేరే డ్యాంపర్ ఇచ్చాం. పైగాలి మెల్లగా కారితే లాభం లేదు, వేగంగా దూసుకొచ్చి మంట మధ్య దాకా వెళ్లాలి. అందుకే రంధ్రాలు చిన్నవిగా, ఎక్కువ ఉండాలి. కింద పెట్టిన పెద్ద ఫ్యాన్ తీసేసి పాతదే మళ్లీ బిగించాం. మొత్తం గాలిలో సగానికి కాస్త తక్కువ ఇప్పుడు పైనుంచి వెళ్తోంది.

ఆరబెట్టడం దగ్గర నేను ఎవరి తొందరకీ లొంగలేదు. కాస్టబుల్ ఒక రోజంతా తడిగా గట్టిపడాలి. తర్వాత చిన్న మంటతో 110 డిగ్రీల దగ్గర చాలాసేపు నిలబెట్టి, గంటకు పాతిక ముప్పై డిగ్రీలకు మించకుండా పెంచాలి. లోపల మిగిలిన నీరు ఒక్కసారి ఆవిరైతే బయటికి దారి లేక కాస్టబుల్ పెచ్చులుగా పేలిపోతుంది. ప్రొడక్షన్ ఆగిపోయిందని యజమానికి టెన్షన్, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇక్కడ ఒక పూట కలిసొస్తుందని తొందరపడితే కట్టిన గోడ మళ్లీ కట్టుకోవాలి.

కట్టె వేసే తీరు

ఇంతవరకూ చేసింది ఇటుక పని. మిగతాది ఆపరేటర్ల చేతిలో ఉంది. ఇక్కడ ఒకేసారి గ్రేట్ నిండా కట్టె పేర్చి, తలుపు మూసి, వేరే పనికి వెళ్లే అలవాటు ఉండేది. అలా వేస్తే మొదటి పది నిమిషాలు మొత్తం కట్టె ఒకేసారి వాయువు వదులుతుంది, దానికి ఎంత గాలీ చాలదు. ఆ తర్వాత బొగ్గే మిగిలి గాలి వృథా పోతుంది. ఇప్పుడు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు వేస్తున్నారు. ఒకసారి ఎడమ పక్క, మరోసారి కుడి పక్క. ఒక పక్క కొత్త కట్టె వాయువు వదులుతుంటే రెండో పక్క ఎర్రటి నిప్పులు దాన్ని అంటిస్తాయి. కట్టె వేయగానే పైగాలి డ్యాంపర్ పెంచి, మంట తేటపడ్డాక తగ్గిస్తారు. బూడిద గుంట షిఫ్ట్‌కోసారి ఖాళీ చేస్తారు. బూడిద పెరిగి గ్రేట్ అడుగుకి తగిలితే బార్లు మళ్లీ కాలిపోతాయి. ఈ అలవాటు మిగతా షిఫ్టుల వాళ్లకి నేర్పే బాధ్యత ఆ తలుపు సంగతి చెప్పిన ఆపరేటర్‌కే ఇవ్వమని అడిగాను, ఇచ్చారు.

తర్వాత అంకెలు

అదే కట్టె, అదే లోడ్ మీద చూస్తే చిమ్నీ ఉష్ణోగ్రత 245 డిగ్రీలకు దిగింది. ఆక్సిజన్ 7 శాతం దగ్గర నిలబడింది. కార్బన్ మోనాక్సైడ్ కట్టె వేసిన వెంటనే 800 పీపీఎం దాకా ఎగిరి, కాసేపటికి 300 కిందికి వస్తోంది. ప్రెషర్ 7 దగ్గర నిలుస్తోంది. కట్టె తూకం వేసి, బాయిలర్‌లోకి పోయిన నీటిని మీటర్‌తో పోల్చి చూశాం. ముందు కిలో కట్టెకి రెండున్నర కిలోల ఆవిరి వచ్చేది, ఇప్పుడు మూడు కిలోల మూడొందల గ్రాములు వస్తోంది. గొట్టాల్లో ఇప్పుడు పట్టేది చీపురుతో రాలిపోయే బూడిద, ఇదివరకటి జిగురు మసి కాదు. గ్రేట్ మీద చిన్న క్లింకర్ ముక్కలు అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి, బార్లు మాత్రం వంగలేదు.

అన్నీ తీరిపోలేదు. వానల్లో తడిసిన కట్టె వచ్చినప్పుడు పొగ మళ్లీ కనిపిస్తోంది. తేమ 25 నుంచి 45 శాతానికి పెరిగితే కిలో కట్టెలో పనికొచ్చే వేడి 13 నుంచి 9 మెగాజూళ్లకు పడిపోతుంది. ఫైర్‌బాక్స్ చల్లబడితే ఎంత మంచి కమానైనా పూర్తిగా కాపాడలేదు. షెడ్డు కింద కొంత కట్టె ముందే ఆరబెట్టుకోమన్నాను, స్థలం చూస్తున్నారు. ఆవిరి వాడకం ఒక్కసారిగా ఆగినప్పుడు ఫ్యాన్లు రెండూ కట్టేస్తున్నారు, అప్పుడు గ్రేట్ మీదున్న కట్టె పొగ వదులుతూనే ఉంటుంది. కింది ఫ్యాన్ మాత్రం ఆపి పైగాలి కొద్దిగా నడవనివ్వమని, చిమ్నీ డ్యాంపర్ ఎప్పుడూ పూర్తిగా మూయొద్దని చెప్పాను. కుడి గోడ కింది వరసలో బూడిద కరిగి ఇటుకకు అంటుకోవడం మొదలైంది. అక్కడ పొటాషియం దెబ్బ తగులుతోంది. వచ్చే షట్‌డౌన్‌లో ఆ రెండు వరసలే అల్యూమినా ఎక్కువున్న ఇటుకతో మార్చాలి. ఈసారి కొలతలతో డ్రాయింగ్ గీయించి, పైగాలి రంధ్రాల వరస పక్కన "పూడ్చవద్దు" అని రాయించి బాయిలర్ గదిలో అతికించాం, ఇంకో కాపీ లాగ్‌బుక్‌లో పెట్టాం.